విశాఖలో ఆఫీసు మర్యాదలు: ఫోన్ చేసే దగ్గర్నుంచి బిల్లు అడిగేదాకా

ఆఫీసు మర్యాద అనగానే కాలేజీ ప్లేస్‌మెంట్ క్లాసులు గుర్తొస్తాయి. షేక్‌హ్యాండ్ ఎంత గట్టిగా ఇవ్వాలి, టై ముడి ఎలా వేయాలి, ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి. అవి తెలిస్తే నష్టమేం లేదు గానీ, గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడిపేవాళ్లకీ, పరవాడ ఫార్మాసిటీలో కొత్తగా చేరిన కుర్రాళ్లకీ, రుషికొండ ఐటీ హిల్ మీద పనిచేసేవాళ్లకీ వాటివల్ల ఒరిగేది తక్కువే. నేను చూసినంతలో ఈ ఊళ్లో పనులు చెడేది చెప్పాల్సిన మాట చెప్పాల్సిన టైముకి చెప్పకపోవడం వల్ల. లేటవుతుందని చెప్పరు, కుదరదని చెప్పరు, డబ్బు ఎప్పుడిస్తారో చెప్పరు. "చూద్దాం లెండి" అంటారు, అవతలివాళ్లు చూస్తూ కూర్చుంటారు.

ఫ్యాక్టరీలకు సామాన్లు సప్లై చేసే పనిలో ఉన్నాను కాబట్టి నా ఉదాహరణలు ఎక్కువగా స్టోర్స్, పర్చేజ్, గేట్ పాస్ చుట్టూ తిరుగుతాయి. మీది వేరే లైను అయితే పేర్లు మార్చుకుని చదువుకోండి. ఒక మనిషిని మొదటిసారి పలకరించడం నుంచి ఆ పనికి డబ్బు చేతికొచ్చేదాకా ఏ వరసలో జరుగుతుందో ఆ వరసలోనే రాస్తున్నా, మధ్యలో కాస్త అటూ ఇటూ పోతే ఏమీ అనుకోకండి.

1. ఫోన్ కన్నా ముందు మెసేజ్

తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తేవాళ్లు ఇప్పుడు తక్కువ. లోన్ కావాలా అని అడిగే ఫోన్లు అంతగా విసిగించాయి. అందుకని ముందు వాట్సాప్‌లో నాలుగు లైన్లు పెట్టండి. మీరెవరు, ఎక్కడి నుంచి, ఏ విషయం, ఎన్ని నిమిషాలు. ఇలా (గాస్కెట్లంటే పైపుల అతుకుల దగ్గర లీకు కాకుండా వేసే రింగులు):

"నమస్కారం సార్. ఆటోనగర్ నుంచి ఫలానా ఇంజినీరింగ్ వర్క్స్ తరఫున రాస్తున్నాను. మీ స్టోర్స్‌కి పంపిన గాస్కెట్ల కొటేషన్ గురించి 5 నిమిషాలు మాట్లాడాలి. ఈరోజు 3 తర్వాత ఎప్పుడు వీలవుతుందో చెప్తే అప్పుడు ఫోన్ చేస్తాను."

ఇది చదవడానికి పది సెకన్లు, "4కి చెయ్యండి" అని జవాబివ్వడానికి ఇంకో ఐదు. అదే చాలామంది ఏం చేస్తారంటే "హాయ్ సార్" అని ఒక్క ముక్క పంపి ఆగిపోతారు. అవతలాయన "చెప్పండి" అనాలి, అప్పుడు వీళ్లు "బావున్నారా సార్" అనాలి, ఆయన "బావున్నా, చెప్పండి" అనాలి. అసలు సంగతి వచ్చేసరికి ఆయన మీటింగులోకి వెళ్లిపోయి ఉంటాడు.

ఫోన్ ఎత్తగానే "మాట్లాడొచ్చా అండీ?" అని అడగండి. షాప్ ఫ్లోర్ మీద క్రేన్ చప్పుడు మధ్యలో నిలబడ్డవాడు మీ ధరలన్నీ విని ఏం చేస్తాడు? ఒకసారి రింగ్ అయి ఆగిపోతే వెంటనే మళ్లీ మళ్లీ కొట్టకండి, ఇంట్లో ఏదో జరిగిందేమో అని టెన్షన్ పడతారు. స్పీకర్ ఆన్ చేస్తే మొదటి మాటే ఆ సంగతి కావాలి: "స్పీకర్‌లో పెట్టానండి, పక్కన మా మేనేజర్ గారు కూడా ఉన్నారు." ఈ ఒక్కటి చెప్పకపోవడం వల్ల, అవతలాయన మన మేనేజర్ గురించే ఏదో అనేసి, తర్వాత ఇద్దరూ మొహాలు చూసుకోలేని పరిస్థితులు వస్తాయి.

వాయిస్ మెసేజ్‌లు బాగా దగ్గరివాళ్లకే పంపండి. రెండున్నర నిమిషాల వాయిస్ మెసేజ్‌ని ఆఫీసులో నలుగురి మధ్య ఎవరూ వినలేరు, అందులో ఉన్న పర్చేజ్ ఆర్డర్ నంబర్ వెతకాలంటే మొత్తం మళ్లీ వినాలి. రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపేవాళ్ల సంగతైతే, నా ఉద్దేశంలో, వాళ్ల అసలు మెసేజ్ వచ్చినరోజు కూడా ఎవరూ తెరిచి చూడరు.

2. రోజు, టైము చూసుకోవడం

ప్రభుత్వ ఆఫీసులో పని ఉంటే సోమవారం పొద్దున పెట్టుకోకండి. ఆరోజు కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, అధికారులు సగం మంది అక్కడే ఉంటారు. ఆడిట్ నెలల్లో అకౌంట్స్ వాళ్లని, మార్చి చివరి వారంలో ఎవర్నీ కదపకపోవడం మంచిది, మీదే బిల్లు అయితే తప్ప.

మన ఊరి క్యాలెండర్ కూడా చూడాలి. అక్షయ తృతీయనాడు సింహాచలం చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషికి మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి రివ్యూ మీటింగ్ పెడితే ఆయన వచ్చినా కళ్లు మూసుకునే కూర్చుంటాడు. ఆ రాత్రి హనుమంతవాక వైపు, గోపాలపట్నం వైపు బళ్లు ఎటు మళ్లిస్తారో కూడా చూసుకోవాలి. సెప్టెంబరు 17 విశ్వకర్మ జయంతికి, దసరాకి ఆయుధ పూజకి ఫ్యాక్టరీలు పిలిస్తే వెళ్లండి, ప్రసాదం తినండి, పాత బకాయి మాట మాత్రం ఆరోజు ఎత్తకండి.

3. బయల్దేరాక

మన ఊరు అడ్డంగా కాదు, పొడుగ్గా పెరిగింది. మధురవాడ నుంచి అచ్యుతాపురం అంటే యాభై కిలోమీటర్లదాకా ఉంటుంది. మధ్యలో ఎన్‌ఏడీ జంక్షన్, గాజువాక, కూర్మన్నపాలెం. షిఫ్ట్ మారే టైములో బస్సులు, పోర్టు వైపు వచ్చే పోయే కంటైనర్ లారీలు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. లేటవడం తప్పేం కాదు. లేటవుతున్నట్టు ముందే తెలిసీ చెప్పకపోవడం తప్పు.

అందరికీ అలవాటైన అబద్ధం ఒకటుంది. "ఎన్‌ఏడీ దాటేశానండీ, పది నిమిషాల్లో అక్కడుంటా" అంటారు, మనిషి ఇంకా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సిగ్నల్‌లో ఉంటాడు. వినేవాళ్లకీ ఆ సంగతి తెలుసు, ఎందుకంటే రేపు వాళ్లూ అదే చెప్తారు. దాని బదులు "11కి రావాలి, గాజువాకలో ఆగిపోయాను, 11:40 అవుతుంది, మీకు అప్పుడు కుదురుతుందా, లేకపోతే మధ్యాహ్నం రమ్మంటారా?" అని పెట్టండి. ఇందులో మూడు సంగతులున్నాయి: ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు, కుదరకపోతే ఇంకో దారి ఏంటి. సారీ ఒకసారి చెప్తే చాలు. గదిలోకి అడుగుపెట్టాక ట్రాఫిక్ మీద ఐదు నిమిషాల ప్రసంగం చేస్తే ఆ ఐదు నిమిషాలు కూడా వాళ్లవే పోతాయి.

4. గేటు దగ్గర

దీని గురించి ఏ క్లాసులోనూ చెప్పరు, మన ఊళ్లో సగం పరువు ఇక్కడే పోతుంది. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ లాంటి చోట్ల గేటు దగ్గర ఉండేది సీఐఎస్‌ఎఫ్, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. జవాను ఏ రాష్ట్రం వాడో, తెలుగు వస్తుందో రాదో. "లోపల జీఎం గారు నాకు బాగా తెలుసు" అంటే ఆయనకి పట్టదు, పట్టకూడదు కూడా.

వెళ్లే ముందురోజే మిమ్మల్ని పిలిచినవాళ్లకి ఇవి పంపండి: ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు మీ పేరు, బండి నంబర్, ల్యాప్‌టాప్ తెస్తుంటే దాని కంపెనీ, సీరియల్ నంబర్, వెంట ఎవరొస్తున్నారో వాళ్ల వివరాలు. ఇదంతా గేటు దగ్గర నిలబడి ఫోన్లో ఒక్కొక్కటే చదివి వినిపించడం వల్ల లోపల ఉన్నాయన తన పని మానుకుని మీ పని చూడాల్సి వస్తుంది. ఒరిజినల్ కార్డు జేబులో పెట్టుకోండి. ఆఖరి నిమిషంలో "మా వాడిని కూడా తెచ్చానండీ" అనకండి.

ఫోన్ లోపలికి తేవద్దంటే ఇచ్చేయండి. రిఫైనరీ లాంటి చోట మామూలు ఫోన్‌ని కూడా నిప్పురవ్వ పుట్టించే వస్తువు కిందే లెక్కేస్తారు. నేవల్ డాక్‌యార్డు చుట్టుపక్కల సెల్ఫీలు, వీడియోలు వద్దు, అక్కడ ఫొటో తీయడం నిషేధమని బోర్డులు పెట్టేది ఊరికే కాదు. హెల్మెట్, సేఫ్టీ షూ ఇస్తే "ఐదు నిమిషాల పనే కదండీ" అనకుండా వేసుకోండి, మీకేమైనా అయితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మిమ్మల్ని లోపలికి తీసుకెళ్లినాయన. ఫార్మా యూనిట్లలో మందులు తయారయ్యే చోటికి ఉంగరాలు, గాజులు, వాచీ, తలలో పూలు, సెంటు, గోళ్ల రంగు పనికిరావు. పిలిచేవాళ్లు ఈ సంగతి ముందురోజే చెప్పాలి. మేడమ్ గారు మల్లెపూలు పెట్టుకుని వచ్చాక, గౌను వేసుకునే గది దగ్గర పదిమంది ముందు తీసేయమనడం అస్సలు బాగోదు.

5. బట్టలు

ఎక్కువ చెప్పేదేం లేదు. సముద్రం పక్క ఊరు, ఏప్రిల్ నుంచి ఉక్కపోత. ద్వారకానగర్ నుంచి పరవాడ బండి మీద వెళ్లేసరికి చొక్కా వీపుకి అంటుకుపోతుంది. బ్యాగులో ఇస్త్రీ చొక్కా ఒకటి మడిచి పెట్టుకోండి, పది నిమిషాలు ముందు చేరి మొహం కడుక్కుని చెమట ఆరాక లోపలికి వెళ్లండి. చెమట వాసన మీద సెంటు కొడితే రెండూ కలిసి ఏసీ గదిలో ఇంకా ఘోరం. సాక్సుకి చిల్లు ఉందేమో చూసుకోండి. దేవుడి పటాలు పెట్టుకున్న చిన్న ఆఫీసుల్లో చెప్పులు బయటే విప్పమంటారు.

6. పిలుపు

మొదటి పరిచయంలో అందరూ "మీరు", అందరూ "గారు". అవతలాయన మనకన్నా పదేళ్లు చిన్నవాడైనా సరే. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో పేరు పెట్టి పిలవడమే అలవాటు, అక్కడ వైస్ ప్రెసిడెంట్‌ని కూడా పేరుతోనే పిలుస్తారు. అదే మనిషి మధ్యాహ్నం ప్రభుత్వ రంగ సంస్థకి వెళ్లి డిప్యూటీ మేనేజర్‌ని పేరు పెట్టి పిలిస్తే గది చల్లబడిపోతుంది. ఎక్కడికి వెళ్తే అక్కడి పద్ధతి. సందేహంగా ఉంటే "గారు" తగిలించండి, గారు అన్నందుకు కోపం తెచ్చుకున్నవాళ్లని నేనింతవరకు చూడలేదు.

మన ఉత్తరాంధ్రలో ఇంకో తిరకాసు ఉంది. సింహాద్రి అప్పన్న దయవల్ల ఒక్కో సెక్షన్‌లో అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, సింహాచలాలు ఇద్దరు ముగ్గురు ఉంటారు. "అప్పలరాజు గారికి ఇచ్చి వచ్చాను" అంటే ఏ అప్పలరాజు? పేరుతో పాటు సెక్షన్ రాసుకోండి. ఇంటిపేరు తెలుసుకోవడం వరకు సరే, అక్కడి నుంచి "మీదే ఊరు, మీరేవిట్లు" అని కులం దాకా లాగే అలవాటు చాలామందికి ఉంది. ఇది మర్యాద తక్కువతనం, ఎంత నవ్వుతూ అడిగినా సరే. మిమ్మల్ని ఎవరైనా అడిగితే "మాది వైజాగేనండీ" అని పనిలోకి దిగిపోండి.

యాస గురించి కూడా. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కుర్రాడు మీటింగులో "ఏటండి" అంటే నవ్వేవాళ్లున్నారు, పైగా వాళ్లదీ ఇదే ఊరు. ఆ కుర్రాడు ఆ తర్వాత మీటింగుల్లో నోరు విప్పడు, అతనికి తెలిసిన విషయం ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇంకోవైపు, గదిలో ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చినాయన ఒక్కడున్నా మనలో మనం గడగడా తెలుగులో మాట్లాడుకోకూడదు. తప్పనిసరైతే "ఒక్క నిమిషం తెలుగులో మాట్లాడుకుంటాం" అని ఆయనకి చెప్పి, తర్వాత ఏం అనుకున్నామో కూడా చెప్పాలి.

7. గదిలో

నమస్కారం ఎప్పుడూ తప్పుకాదు. ఆడవాళ్లు చెయ్యి చాపితే షేక్‌హ్యాండ్ ఇవ్వండి, లేకపోతే నమస్కారం చాలు. కార్డు ఇచ్చేటప్పుడు కుడిచేత్తో, తీసుకున్నాక ఒక్కసారి చదివి. జపాన్, కొరియా వాళ్లు రెండు చేతులతో ఇస్తారు, మనమూ రెండు చేతులతోనే తీసుకుంటే సరిపోతుంది. తీసుకున్న కార్డు మీద వాళ్ల ముందే పెన్నుతో రాయకండి.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి బోర్లా పెట్టండి. ఇంట్లో ఎవరికైనా బాగోలేక ఫోన్ చూస్తూ ఉండాల్సి వస్తే కూర్చోగానే ఆ ముక్క చెప్పేయండి, అప్పుడు ఎన్నిసార్లు చూసినా ఎవరూ తప్పుపట్టరు.

టీ వస్తుంది. వద్దనుకుంటే "ఇప్పుడే తాగి వచ్చానండీ, మంచినీళ్లు చాలు" అనండి. "నేను బయట టీలు తాగను" అనక్కర్లేదు. తెచ్చినతను గ్లాసు పెట్టేటప్పుడు కాగితాలు పక్కకి జరిపి చోటివ్వండి, అతని వైపు చూసి థాంక్స్ చెప్పండి. చాలా ఆఫీసుల్లో పర్చేజ్ మేనేజర్ ఏ మూడ్‌లో ఉన్నాడో, ఫైలు ఏ బల్ల మీద ఉందో అందరికన్నా ముందు అతనికే తెలుస్తుంది, కానీ దానికోసం కాదు నేను చెప్పేది.

8. కాదని చెప్పడం

అన్నిటికన్నా కష్టమైంది ఇదే. మనకి మొహం మీద కాదనడం రాదు. పెద్దాయన అడిగాడు, పాత కస్టమర్ అడిగాడు, బావమరిది స్నేహితుడు అడిగాడు. దాంతో "చూద్దాం", "ట్రై చేస్తా", "కనుక్కుని చెప్తా", "మీకు చెప్పకుండా ఎలా ఉంటానండీ" అనేస్తాం. మన మనసులో అది కాదనే. అవతల మనిషి మాత్రం దాన్ని సగం అవును అనుకుని ఇంకొకర్ని అడగడం మానేసి మన కోసం ఆగుతాడు. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తే మనం ఎత్తం. మొహమాటం వల్ల వచ్చే నష్టం ఎక్కువ పడేది మన మీద కాదు, ఆ మనిషి మీద.

మర్యాదగా కాదనడానికి మూడు ముక్కలు కావాలి. ఏది కుదరదో సూటిగా, ఎందుకో ఒక్క లైనులో, ఏది కుదురుతుందో (ఉంటేనే). ఉదాహరణకి ఒక సంభాషణ (ఫ్లాంజిలంటే పైపుల్ని కలిపి బోల్టులు బిగించే ఇనుప చక్రాలు).

"బాబూ, ఈ 40 ఫ్లాంజిలు గురువారానికి కావాలి. మీరైతేనే చేస్తారు."

"సార్, గురువారానికి 40 నా వల్ల కాదండి. లేత్ మెషిన్ ఒకటి రిపేరులో ఉంది. గురువారానికి 15 ఇస్తాను, మిగతావి సోమవారం. మొత్తం గురువారానికే కావాలంటే ఇప్పుడే ఇంకొకర్ని అడగండి, నేనేం అనుకోను."

"అదేంటయ్యా, మరీ 15 అంటే ఎలా..."

"40 అని చెప్పి 15 తెస్తే మీ షట్‌డౌన్ రిపేర్లు ఆగిపోతాయి సార్. అందుకే ముందే చెప్తున్నా."

పెద్దాయన కాస్త విసుక్కుంటాడు. ఆ విసుగు ఐదు నిమిషాల్లో పోతుంది. గురువారం పొద్దున పదకొండింటికి ఫ్లాంజిలు రాకపోతే వచ్చే కోపం ఐదేళ్లు ఉంటుంది, వెండర్ లిస్టులోంచి పేరు తీసేసేదాకా.

నిజంగానే కనుక్కోవాల్సి ఉంటే "కనుక్కుని చెప్తా" తప్పు కాదు, పక్కన టైము పెట్టండి: "మా ఓనర్ గారిని అడిగి రేపు 12 లోపు చెప్తా." రేపు 12కి ఆయన దొరక్కపోతే 12కే ఫోన్ చేసి "ఇంకా దొరకలేదండి, సాయంత్రం 5కి చెప్తా" అనండి. జవాబు లేదనే జవాబు కూడా జవాబే. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ఇది మరీ ముఖ్యం, బాస్ ఇచ్చిన పని రాత్రికి అవ్వదని మధ్యాహ్నం మూడింటికే తెలిసిపోతే మూడింటికే చెప్పాలి, ఆరున్నరకి ఆయన బ్యాగు సర్దుకుంటున్నప్పుడు కాదు.

ఎదుటివాళ్లు మీతో "చూద్దాం" అన్నప్పుడు కూడా నొప్పించకుండా తేల్చుకోవచ్చు. "సార్, ఈసారి వీలుకాకపోయినా పర్లేదండి, వేరే ఏర్పాటు చేసుకుంటాను, ఆ మాట ఇప్పుడే చెప్పేయండి" అని చూడండి. ఊపిరి పీల్చుకుని "ఈసారికి వద్దులెండి" అంటారు. ఇద్దరి టైమూ మిగులుతుంది.

9. వచ్చాక రాసిపెట్టడం

మీటింగ్ అయినరోజే, వీలైతే రెండు గంటల్లో, ఏం అనుకున్నామో రాసి పంపండి. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. ఎవరు, ఏం, ఎప్పటికి. "గాస్కెట్ శాంపిల్ మేం 12వ తేదీకి ఇస్తాం. డ్రాయింగ్ మీ ఇంజినీర్ గారు రేపు పంపుతారు. రేటు గురించి ఇంకా తేలలేదు." తేలని సంగతి తేలలేదని రాయడం ముఖ్యం, లేకపోతే ఒకళ్లు ఒప్పుకున్నారనీ ఇంకొకళ్లు ఒప్పుకోలేదనీ నెల తర్వాత గొడవ.

ఫైలుకి "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ కొత్తది" అని పేర్లు పెట్టకుండా కంపెనీ పేరు, విషయం, తేదీ పెట్టండి. పర్చేజ్ ఆర్డర్ ఫొటో వాట్సాప్‌లో వచ్చినా, ఈమెయిల్‌లో కూడా పంపమని అడగడం అమర్యాద కాదు. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే వాళ్ల బాస్‌కి కాపీ పెట్టేముందు వాళ్లకి ఒక ఫోన్ చేయండి. కాపీ పెట్టడం అంటే అందరి ముందు లేపి నిలబెట్టడమే.

10. డబ్బు అడగడం, డబ్బు ఇవ్వడం

డబ్బు అడిగితే ఎక్కడ చెడ్డవాళ్లం అవుతామో అని నెలలు నెలలు నోరు మూసుకుని, ఆఖరికి ఒకరోజు అరిచేస్తారు. రెండూ అక్కర్లేదు. ఇలా చేయండి.

ముందు మీ వైపు శుభ్రంగా ఉండాలి. బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబర్, చలానా, ఇన్‌స్పెక్షన్ కాగితం అన్నీ ఉన్నాయా? నెలనెలా జీఎస్టీ వేసేవాళ్లైతే అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 తర్వాతి నెల 11 లోపు పడాలి, పడితేనే మీ దగ్గర సరుకు కొన్నాయనకి 14న తయారయ్యే స్టేట్‌మెంట్‌లో మీ బిల్లు కనిపిస్తుంది. మీరు రిటర్న్ వేయకుండా ఆయనకి పన్ను క్రెడిట్ రాకుండా చేసి "మా జీఎస్టీ డబ్బులు ఎందుకు ఆపారు" అని ఊగిపోవడంలో అర్థం లేదు.

బిల్లు ఇచ్చిన వారానికి అకౌంట్స్‌కి ఒక ఫోన్: "బిల్లు చేరిందాండీ, కాగితాలు ఏమైనా తక్కువా?" ఈ ఫోన్ డబ్బు కోసం కాదు, ఫైలు ఎక్కడో ఆగకుండా ఉండడానికి. గడువుకి వారం ముందు ఒక మెసేజ్. గడువు దాటిన రెండోరోజు ఇంకో ఫోన్, ఈసారి తేదీ అడుగుతూ. గుమాస్తా మీద అరవకండి, అతను సంతకం పెట్టేవాడు కాదు.

చట్టం ఏం చెప్తుందో తెలిసి ఉంటే గొంతు పెంచాల్సిన పని ఉండదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం తయారీ, సేవల రంగాల్లో రిజిస్టరైన మైక్రో, స్మాల్ సంస్థలకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే సరుకు అందుకున్న 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకి ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. పైగా 2024-25 మదింపు సంవత్సరం నుంచి, ఇలాంటి సంస్థలకు గడువులో కట్టని మొత్తాన్ని నిజంగా చెల్లించేదాకా సరుకు కొన్నవాళ్లు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేరు. అందుకే బిల్లు కింద మీ ఉద్యమ్ నంబర్ (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్ నంబర్) వేయండి. వేసి ఊరుకోండి, మొదటి ఫోన్‌లోనే చట్టం చదివి వినిపిస్తే రెండో ఆర్డర్ రాదు.

ఇక ఇచ్చేవైపు ఉన్నవాళ్లకి. డబ్బు లేకపోవడం ఎవరికైనా వస్తుంది. "ఈ నెల కష్టం, 20న సగం వేస్తా, మిగతాది వచ్చే నెల 5న" అని మీరే ముందు ఫోన్ చేయండి. చిన్న షెడ్డువాడికి ఆ తేదీ తెలిస్తే తన కూలీలకి ఏం చెప్పాలో తెలుస్తుంది. "సార్ మీటింగులో ఉన్నారు" అని రిసెప్షన్ అమ్మాయితో అబద్ధం ఆడించడం ఆ అమ్మాయికి కూడా అవమానమే.

11. స్వీట్ బాక్సు, భోజనం

దీపావళికి ప్రభుత్వ రంగ సంస్థల ఆఫీసర్లకి బహుమతులు మోయడం మన ఊళ్లో పెద్ద ఆచారం. వాళ్లకి నడవడిక నియమాలుంటాయి, తీసుకుంటే వాళ్లకే ఇబ్బంది. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో లంచం ఇచ్చినవాడు కూడా నేరస్థుడే, ఏడేళ్లదాకా శిక్ష ఉంది. సింహాచలం ప్రసాదం చేతిలో పెట్టడం వేరు, టెండరు తెరిచే వారంలో వెండి గిన్నె ఇంటికి పంపడం వేరు. తేడా ఇద్దరికీ తెలుసు. ప్రైవేటు కంపెనీ అయితే మాడుగుల హల్వా డబ్బానో అరకు కాఫీ పొడో ఆఫీసుకే, సెక్షన్ మొత్తానికి కలిపి ఇవ్వండి. ఇంటి అడ్రస్ అడగొద్దు.

భోజనానికి పిలిచినవాళ్లే బిల్లు కడతారు. కార్తీకంలోనో, శనివారమో, నాన్‌వెజ్ తింటారో లేదో ముందే అడగండి. తాగని మనిషిని "ఒక్క పెగ్గేగా" అని వేధించకండి. చేత్తో తినడం మన పద్ధతే, చేప పులుసు ముందు పెట్టుకుని స్పూనుతో కుస్తీ పట్టేవాడిని చూస్తే నాకు జాలేస్తుంది.

12. మన ఆఫీసులో

బయటివాళ్ల దగ్గర గారూ గారూ అని, సొంత ఆఫీసులో జూనియర్‌ని "ఒరేయ్" అనేవాళ్ల మర్యాద ఎవరూ నమ్మరు. తప్పు చేస్తే గదిలోకి పిలిచి చెప్పండి. వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిట్టకండి, రాత్రి తొమ్మిది దాటాక గ్రూపులో పని పెట్టకండి, ప్లాంటు ఆగిపోతే తప్ప.

ఆడవాళ్లతో పనిచేసేటప్పుడు చీర బావుందని, బరువు తగ్గారని వ్యాఖ్యలు అక్కర్లేదు, పని బావుంటే పని బావుందని చెప్పండి. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అనే ప్రశ్నలు అస్సలొద్దు. "డ్రాప్ చేస్తా" అని ఒకసారి అడగొచ్చు, వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, మామూలుగా ఫిర్యాదు మూడు నెలల్లో ఇవ్వాలి. పదిమంది లేని చిన్న చోట్ల పనిచేసేవాళ్లు జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఉండాలి, మీ ఆఫీసులో ఉన్నాయో లేదో రేపు చూడండి.

13. అమెరికా కాల్స్

మనకి రాత్రి 9 అయితే న్యూయార్క్‌లో వేసవిలో పొద్దున 11:30, చలికాలంలో 10:30. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. ఆ రెండు వారాల్లో టైము రాసేటప్పుడు పక్కన ఇండియా టైము కూడా రాయండి. మాట్లాడనప్పుడు మ్యూట్. వెనకాల కుక్కర్ విజిల్ వస్తే కంగారు పడక్కర్లేదు, ఒక నవ్వు నవ్వి ముందుకెళ్లండి.

14. తుపాను వచ్చేముందు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. బయటి ఊళ్ల కస్టమర్లకి మనవాళ్లు బతికున్నారో లేదో కూడా తెలియలేదు. అక్టోబరు, నవంబరులో వాతావరణశాఖ హెచ్చరిక రాగానే బయటి కస్టమర్లందరికీ ఒక మెసేజ్ పంపండి: ఏ ఆర్డర్లు ఆలస్యం కావచ్చు, ఫోన్ దొరక్కపోతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరికి చేయాలి, మళ్లీ ఎప్పుడు సమాచారం ఇస్తారు. వర్కర్లకి సెలవు సంగతి ముందురోజు సాయంత్రమే చెప్పేయండి, పెందుర్తి నుంచి గాలివానలో బండి మీద వచ్చి గేటుకి తాళం చూసి వెనక్కి వెళ్లే పని పెట్టకండి. కరెంటు వచ్చాక ముందు వాళ్ల ఇళ్లు ఎలా ఉన్నాయో కనుక్కోండి, ఆ తర్వాత మెషిన్ల సంగతి, ఆ తర్వాత కస్టమర్లకి కొత్త తేదీలు. పెండింగ్ బిల్లులకి ఇంకో వారం ఆగొచ్చు.